వీలైతే చీకటి రాత్రుల్లో

పదవీ విరమణకు పదహారు నెలల ముందు, ఫిబ్రవరి మొదటి వారంలో, ఇబ్రహీంపట్నం సర్వే నా పేరున పడింది. అప్పటికి నేను ఒక పరిశోధన సంస్థలో, కీటక విభాగంలో సీనియర్ టెక్నికల్ ఆఫీసర్‌ని. సంస్థ పేరుతో ఇక్కడ పని లేదు. హోదా గురించి మాత్రం ఒక మాట చెప్పాలి. సైంటిస్టు కానివాళ్లలో అది అన్నిటికంటే పైమెట్టు. అడవిలో పని మేం చేస్తాం, రిపోర్టు అట్ట మీద పేరు సైంటిస్టుది ఉంటుంది. ఆఖరి పేజీలో ‘ఈ సర్వే మాన్యువల్ ప్రకారం జరిగినదని ధ్రువీకరిస్తున్నాను’ అన్న వాక్యం కింద సంతకం మాత్రం మాదే. ఇప్పుడు చెప్పబోయేది ఆ సంతకాల్లో ఒకదాని గురించి.

ఆఫీసులో నాకు కోపిష్టి అని పేరు. శకుంతల మేడం గదిలో ఉంటే ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుందని అటెండర్లు అనుకునేవారట. ఆ పేరు వల్ల నాకు నష్టమేమీ జరగలేదు. లేబుల్ తప్పు రాసినవాడి మీద, సీసా మూత పెట్టనివాడి మీద ముప్పై ఏళ్లు అరిచాను. అరవాల్సిన ఒక్క చోట మాత్రం నోరు మూసుకున్నాను. ఇప్పుడు నా కోపమంతా దాని మీదే.

సర్వే దేనికో చెప్తాను. ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీంచి లోపలికి నాలుగు కిలోమీటర్లు పోతే, గుట్టల వెంబడి ఒక అడవి ముక్క ఉండేది. తునికి, మోదుగ, రేల, చండ్ర చెట్లు, వాటి కింద సీతాఫలం పొదలు, పరికి కంప. కారులోంచి చూసినవాళ్లు దాన్ని అడవి అనరు, కంప అంటారు. అక్కడ పెద్ద పార్కు కట్టాలని ఒక ప్రణాళిక వచ్చింది. పొదలు కొట్టేసి గడ్డి పరచడం, నడక దారి వేయడం, తెల్లవార్లూ వెలిగే ఎత్తైన దీపస్తంభాలు నిలపడం. దానికి ముందు కీటకాల సర్వే చేయించాలని అనుమతులిచ్చే కమిటీ షరతు పెట్టింది. కీటకాల వైవిధ్యం ‘మధ్యస్థం’ అని గానీ అంతకంటే ఎక్కువ అని గానీ తేలితే అడవిలో పడమటి సగాన్ని ముట్టుకోకూడదు, అక్కడ దీపం పెట్టకూడదు. ‘తక్కువ’ అని తేలితే మొత్తం సాఫు చేయవచ్చు. అంటే పడమటి సగం ఉండడమా పోవడమా అన్నది మా లెక్క మీద ఆధారపడి ఉంది.

ఆ లెక్క కోసం మేం పట్టేది దీపానికి వచ్చే పురుగుల్ని. పుస్తకాల్లో వీటిని చిమ్మటలు అంటారు. మా ఊళ్లో చిమ్మట అంటే చెట్టు మీద కూసే వేరే జీవి, అందుకని నేను దీపం పురుగులనే అంటాను. సీతాకోకచిలుకలకు చుట్టాలే, కాకపోతే రాత్రి తిరుగుతాయి. వీటి గొంగళిపురుగుల్లో చాలావాటికి తిండి దగ్గర మహా పట్టింపు. ఒక జాతి తినే ఆకును ఇంకో జాతి మూతి పెట్టి చూడదు. కాబట్టి దీపానికి ఎన్ని జాతులు వచ్చాయో లెక్కపెడితే, చుట్టుపక్కల అడవికి ఎంత సత్తువ ఉందో తెలిసిపోతుంది. మోదుగ పూసి, కొమ్మలకు చిగుళ్లు కనబడే ఆ మూడు నాలుగు వారాలు ఈ పనికి మంచి అదను.

పద్ధతి పెద్ద కష్టమైంది కాదు. రెండు కర్రల మధ్య తెల్లటి గుడ్డ కడతాం. దాని ముందు మెర్క్యురీ బల్బు, దూరంగా జనరేటర్. కొంచెం ఎడంగా ఒక బకెట్ ఉచ్చు ఉంటుంది: మూతి మీద గరాటు, లోపల కోడిగుడ్ల అట్టలు. గరాటులోంచి జారిన పురుగు అట్టల గుంటల్లో తలదాచుకుంటుంది, తెల్లారి లెక్కపెట్టి వదిలేస్తాం. గంటగంటకూ గాలి, వేడి, వచ్చిన జాతులు నమోదు చేస్తాం. అన్నిటికంటే ముఖ్యం చీకటి. వెన్నెల ఉందంటే దీపం వెలవెలబోతుంది. పురుగులు అడవిలోనే ఉంటాయి, గుడ్డ మీదికి మాత్రం రావు. అందుకే మా ఫారంలో ‘చంద్రకళ’ అని ఒక గడి ఉంటుంది.

ఆ ఏడాది శివరాత్రి శనివారం వచ్చింది, మరునాడు ఆదివారం అమావాస్య. నేను ఆదివారం, సోమవారం, మంగళవారం రాత్రులకు టూర్ ప్రోగ్రాం రాసి మా విభాగాధిపతి ముందు పెట్టాను. ఆయన డాక్టర్ సుదర్శనం. దోమల మీద డాక్టరేట్ చేసినవాడు, మనిషిగా సౌమ్యుడు, ఒకరి రూపాయి ముట్టనివాడు. కొత్త మైక్రోస్కోపు వస్తే దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, ఆ తర్వాతే కన్ను ఆనించేవాడు. కాగితం చూసి కళ్లద్దాలు తీశారు.

“ఆదివారం అమావాస్య. శకుంతలమ్మా, ఇంట్లోంచి కాలు బయటపెట్టే రోజేనా ఇది?”

“సార్, పురుగులకు పంచాంగం తెల్వదు.”

“మనకు తెలుసు కదమ్మా.”

డ్రైవర్ జంగయ్య అయితే నేను అడగకముందే చేతులు జోడించాడు. “మీరు ఎంతన్న తిట్టుండ్రి మేడం. ఆదివారం అమాసనాడు అడివిలకు బండి తియ్య. తొవ్వల నిమ్మకాయ కనవడితెనే మా ఇంటామె నన్ను ఆమడదూరం నడిపిస్తది. మీరేమో సీదా దాని కాడికే తోలుమంటున్నరు.”

ఇక మొదలైంది. సోమవారం పాడ్యమి, ప్రయాణానికి పనికిరాదు. విదియ మంచిదే కానీ మంగళవారం పడింది. తదియనాడు బండి ఇంకో సర్వేకు పోయింది. చవితినాడు కొత్త పని మొదలుపెట్టకూడదు. పంచమినాడు బండి రేడియేటర్ కారుతోందని షెడ్డుకు పంపారు. షష్ఠి రెండో శనివారం, సప్తమి ఆదివారం, రెండూ సెలవులే. అష్టమి నవముల సంగతి చెప్పనక్కరలేదు. చివరికి దశమి, ఏకాదశి, ద్వాదశి మంచిరోజులని ఖాయం చేశారు. హోలీ పౌర్ణమికి మూడు రోజుల ముందు, గుట్టల మీద సూది పడినా కనబడేంత వెన్నెల్లో, దీపం పురుగుల సర్వే!

నేను ఊరుకోలేదు. ఈ రోజుల్లో చేస్తే లెక్క తప్పుతుంది, చేయనని చెప్పాను. సుదర్శనం గారు కోపం తెచ్చుకోలేదు. బీరువాలోంచి మాన్యువల్ తీసి, పద్నాలుగో పేజీ తెరిచి, వేలు పెట్టి చదివారు. “‘వీలైతే చీకటి రాత్రుల్లో ఉచ్చులు అమర్చవలెను.’ వీలైతే అని ఉంది కదమ్మా. మనకు వీలు కాలేదు.”

ఆ మాన్యువల్ రాసింది నేను.

పన్నెండేళ్ల కిందట రాశాను. మొదటి ప్రతిలో ఆ వాక్యం వేరుగా ఉండేది: ‘అమావాస్యకు ముందు మూడు రాత్రులు, అమావాస్య రాత్రి, తర్వాత మూడు రాత్రులు. ఇవి తప్ప వేరే రాత్రుల్లో సర్వే చేయరాదు.’ దాన్ని చదివి అప్పటి సిబ్బంది గొణిగారు. అమావాస్య అన్న మాట ప్రభుత్వ పుస్తకంలో అచ్చువేయడం ఏం బాగుంటుందని ఒకరు, రేపు ఎవరికైనా పాము కరిస్తే నీ పుస్తకమే చూపిస్తారని ఇంకొకరు. అచ్చుకు పోయే ముందురోజు సాయంత్రం నేను ఆ వాక్యం కొట్టేసి ‘వీలైతే’ పెట్టాను. ఎందుకు చీకటి కావాలో చెప్పే నాలుగు వాక్యాలూ తీసేశాను. నేను ఉండగా సర్వేలు నా చేతి మీదుగానే పోతాయి, తిథులు నేనే చూసుకుంటానని నా ధీమా. నిజంగానే చూసుకున్నాను. టూర్ కాగితంలో అమావాస్య అని ఎన్నడూ రాయలేదు. రెండు రోజులు ఇటో అటో జరిపి తారీకు మాత్రమే వేసేదాన్ని, ఎవరి పట్టింపు వారికి మిగిలేది. ఈసారి ఒక్కసారే జరపకుండా అమావాస్యనాడే వేశాను. తెలివైన పని అనుకున్నాను. ఒట్టి పిరికి పని అది. ఒకరితో మాట పడకుండా గడుపుకోవడానికి, ఉండితీరవలసిన నిబంధనను బతిమాలే నిబంధనగా మార్చాను.

దశమినాడు సాయంత్రం గుడ్డ కడుతుండగా మేకలు తోలుకుంటూ ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. అడవి హద్దు రాయికి ఆనుకుని ఆమెకు ఎకరం చెలక, వానకే పండే మెట్ట, అందులో ఒక గుడిసె. పేరు బాలమణి. వానాకాలం చివర పడమటి పొదల్లో సీతాఫలాలు తెంపి, గంపలకెత్తి, ఇబ్రహీంపట్నం చౌరస్తాలో అమ్ముతుంది. వాళ్ల ఊళ్లో పది పన్నెండు ఇళ్లకు ఆ మూడు నెలల పంటే ఏడాదికి ఆధారం. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు ఆమె అడిగింది ఒకటే.

“ఏం మేడం, సినిమా ఏస్తున్నరా?”

దీపానికి వచ్చే పురుగుల్ని లెక్కపెడుతున్నామని చెప్పాను. ఆమె తలెత్తి చంద్రుణ్ని చూసింది, నన్ను చూసింది, మళ్లీ చంద్రుణ్ని చూసింది.

“గీ ఎన్నెలల ఏమొస్తయి? అమాసకు రావాలె. పండ్ల కావలికి గుడిసెల పండుకుంట గద, అమాసనాడు కందిలి ముట్టిస్తె బువ్వల వడ్తయి. ముద్ద నోట్లె వెట్టుకోనియ్యవు. ఎన్నెల దినాలల్ల కడుపు నిండ తింట.”

నేను పద్నాలుగో పేజీలో రాయకుండా వదిలేసిన నాలుగు వాక్యాలూ ఆ మనిషి మేకల మధ్య నిలబడి చెప్పేసింది. జంగయ్య పక్కకు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లంతా మండింది, ఆమె మీద కాదు.

మూడు రాత్రులు గడిచాయి. గుడ్డ ఉతికి ఆరేసినట్టు తెల్లగా ఉండిపోయింది. చంద్రుడు గుట్ట వెనక్కి దిగిన తర్వాత, తెల్లవారుజామున, కాసిని పురుగులు వచ్చేవి. నేను, జంగయ్య, మా అటెండరు ముగ్గురం కలిసి గుడ్ల అట్టలు ఒక్కొక్కటే విప్పితే ఒక్కో అట్టలో రెండో మూడో. మొత్తం మీద పంతొమ్మిది జాతులు. మా కొలబద్ద ప్రకారం అది ‘తక్కువ’, అందులోనూ అడుగున. ‘చంద్రకళ’ గడిలో ప్రతి రాత్రీ ‘నిండు వెన్నెల’ అని పెద్ద అక్షరాలతో రాశాను. ఆ గడి రిపోర్టులో ఎక్కడుంటుందంటే, అనుబంధాల్లో, ఎవరూ తిప్పని పేజీల్లో.

రిపోర్టు ముందు పేజీలోనే ఈ లెక్క నమ్మదగింది కాదని ఒక పేరా రాయమని సుదర్శనం గారిని అడిగాను. ఆయన ఓపిగ్గా విన్నారు. “అలా రాస్తే మనమే తప్పు చేశామని మనమే చెప్పుకున్నట్టు. అనుబంధంలో ఉంది కదా, కావలసినవాళ్లు చూసుకుంటారు. మాన్యువల్ దాటలేదు మనం. మార్చి ఇరవైకల్లా పంపాలి,” అన్నారు. ధ్రువీకరణ పేజీ నా ముందుకు జరిపారు.

నేను సంతకం పెట్టాను.

నన్ను ఎవరూ బెదిరించలేదు. పింఛను ఆపుతామనలేదు, బదిలీ చేస్తామనలేదు. అలా ఏదైనా జరిగి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి నాకో సాకు ఉండేది. పెట్టనంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇస్తే, మాన్యువల్‌లో లోపముందని రాయాలి. రాస్తే, ఆ లోపం ఎవరిదని అడుగుతారు. నా పేరు అట్ట మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకం అది. దాని పరువు కాపాడుకోవడానికి పెట్టాను సంతకం. ఆ వాక్యంలో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. సర్వే మాన్యువల్ ప్రకారమే జరిగింది.

సంతకం పెట్టాక నిద్ర పట్టలేదు. ఉగాదికి ముందురోజు కొత్త అమావాస్య, ఆ ఏడాది మంగళవారం పడింది. ఆ రోజుకు సెలవు పెట్టాను. మా ఆయన, “రిపోర్టు పోయింది కదా, ఇంకెందుకు?” అన్నారు. “అక్కడ ఏముందో నాకు తెలవాలె,” అన్నాను. ఆయన తన తెల్ల పంచె తీసిచ్చారు. ఇబ్రహీంపట్నంలో ఒక టెంట్ హౌస్‌లో చిన్న జనరేటర్ అద్దెకు తీసుకున్నాను. పెళ్లా, పుట్టినరోజా అని అడిగాడు అబ్బాయి. పురుగుల కోసమంటే నమ్మలేదు. అడవిలోకి వెళ్లే అనుమతి గడువు అప్పటికే అయిపోయింది, అందుకని హద్దు రాయికి ఇవతల, బాలమణి చెలకలో, ఆమె గుడిసె ముందు పంచె కట్టాం. ఆమెకు మంగళవారం గానీ అమావాస్య గానీ అడ్డం రాలేదు. “మేకలకు మేత ఏ దినమైన గావాలె గద,” అంది.

చీకటి పడ్డ అరగంటకు మొదలయ్యాయి. ముందు గోరంత చిన్నవి, ఎండుటాకు రంగువి, తర్వాత కొలత వేస్తున్నట్టు నడిచే గొంగళిపురుగుల తల్లులు, ఆ తర్వాత గన్నేరు ఆకు తినే పచ్చటి పెద్ద పురుగు, రెక్కల మీద గులాబి గీతతో. తొమ్మిది గంటలకు పంచె కనబడలేదు. నా చీర మీద, బాలమణి జుట్టు మీద, జనరేటర్ మీద పురుగులే. వీపు మీద పుర్రె గుర్తు ఉన్న పెద్దది ఒకటి వచ్చి వాలింది. ముట్టుకుంటే కీచుమని అరుస్తుంది అది. జంగయ్య ఉంటే బండి వదిలేసి పరుగెత్తేవాడు. బాలమణి దాన్ని అరచేతి మీదికి ఎక్కించుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

“ఎట్ల ఒర్లుతున్నదో సూడక్కా. దీనికి నీ అంత కోపమున్నట్టుంది,” అని నవ్వింది. ఎప్పుడు మేడం నుంచి అక్కకు మారిందో నేను గమనించలేదు. కళ్లు చురుకైనవి ఆమెవి. నేను ఒకటే జాతి అనుకుని దాటేస్తుంటే, “అక్కా, గిది రాసినవా? గది వేరే, గిది వేరే. దీని ముంగటి కాళ్లు జూడు,” అని ఆపేది. రెండుసార్లు ఆమె మాటే నిజమైంది.

తెల్లారేసరికి నా పుస్తకంలో డెబ్భై నాలుగు జాతులు ఉన్నాయి. కొలబద్ద ప్రకారం అది ‘అధికం’. అదీ ఒక్క రాత్రికి. బాలమణి గుడిసెలో టీ కాచి ఇచ్చింది. ఇచ్చి, మొదటిసారి నన్ను ఒకటి అడిగింది. “ఇప్పుడు గీ లెక్క ఆళ్లకు సూపెడ్తె, మా పొదలు ముట్టరు గద అక్కా?”

“చూపెడ్త,” అన్నాను. ‘ముట్టరు’ అని అనలేదు. కానీ ఆమె అలాగే విన్నది, నేను దిద్దలేదు.

పండగ సెలవు అవగానే పుస్తకం తీసుకెళ్లి సుదర్శనం గారి బల్ల మీద పెట్టాను. ఆయన నిలబడే పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. పుర్రె గుర్తు దాని దగ్గర ఆగారు. కళ్లు మెరిశాయి, ఎంతైనా పురుగుల మనిషి. చివరిదాకా చదివి, మెల్లగా మూసి, నా వైపు జరిపారు.

“టూర్ ప్రోగ్రాం ఉందామ్మా దీనికి?”

“లేదు సార్.”

“బండి లాగ్ బుక్కు?”

“బస్సుల పోయిన.”

“హద్దు రాయికి బయట కదా కట్టింది?”

“పురుగు రాయి చూసుకొని ఎగురుతదా సార్?”

ఆయన నిట్టూర్చారు. తర్వాత ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. “చాలా గొప్ప లెక్క ఇది. మంచి పేపర్ అవుతుంది. జర్నల్‌కు పంపండి.”

పేపర్! ఆ గదిలో నేను అరిచిన అరుపు కింది అంతస్తు క్యాంటీన్ దాకా వినబడిందని తర్వాత చెప్పారు. పొదలు కొట్టేస్తుంటే పేపర్ రాసుకోవాలా, పదిళ్లవాళ్ల పొట్ట కొట్టి జర్నల్‌కు పంపుకోవాలా అని అడిగాను. పంచాంగం చూసి అడవిని చంపారు అన్నాను.  ఆయన గొంతు పెంచకుండా, “నేను పంచాంగం చూసిన మాట నిజం. మాన్యువల్ నన్ను ఆపి ఉంటే ఆగేవాణ్ణి శకుంతలమ్మా,” అన్నారు.   ఆయన మీద నాకు ఇవాళ్టికీ కోపం ఉంది, కానీ ఆ మాట అబద్ధం కాదు.

షరతు పెట్టిన కమిటీకి నేనే ఉత్తరం రాశాను, అమావాస్య లెక్క జతచేసి. నాలుగు వారాలకు జవాబు వచ్చింది. సర్వే మాన్యువల్ ప్రకారం జరిగిందని తమరే ధ్రువీకరించి ఉన్నారు కనుక మరల పరిశీలించుటకు అవకాశం లేదు. కింద నా సంతకం ఉన్న పేజీ నకలు జతచేశారు. నా సంతకంతోనే నా నోరు మూశారు. ఆ కాగితం చింపేయాలనిపించింది, చింపలేదు, దాచుకున్నాను. మరుసటి ఏడాది జూన్‌లో రిటైరయ్యాను. శాలువా కప్పినప్పుడు సుదర్శనం గారు నా మాన్యువల్‌ను పొగిడారు. చప్పట్లు కొట్టారు అందరూ. నేను లేచి మంచినీళ్లకని బయటికి వెళ్లాను.

ఆ తర్వాత రెండో శివరాత్రి వెళ్లిన రెండోరోజు పొద్దున్నే తుర్కయాంజాల్‌లో మా ఇంటికి ఫోన్ వచ్చింది. బాలమణి. ఒక్కసారి వచ్చిపొమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఏడు గంటల బస్సు పట్టుకుని పోయాను.

పార్కు తయారై ఉంది. గేటు, టికెట్ గది, సిమెంటు ఏనుగు, పిల్లలు జారే బల్ల. పడమటి సగంలో ఒక్క పొద లేదు. తునికి, మోదుగ చెట్లను కొన్నిటిని ఉంచి మొదళ్లకు సున్నం కొట్టారు. నడక దారి మధ్య ఎత్తైన దీపస్తంభం. ముందురోజు రాత్రి అమావాస్య. దాని కింద బాలమణి చీపురుతో నిలబడి ఉంది, ఒంటి మీద పార్కు వాళ్లు ఇచ్చిన ఆకుపచ్చ కోటు. సీతాఫలాలు మోసిన గంపే పక్కన పెట్టుకుంది. అది సగానికి పైగా నిండి ఉంది. రెక్కలు, పొట్టలు, విరిగిన మీసాలు, కొన ఊపిరితో కొట్టుకుంటున్నవి కొన్ని. చుట్టుపక్కల గుట్టల మీంచి వచ్చి, రాత్రంతా దీపం చుట్టూ తిరిగి తిరిగి, గుడ్డు పెట్టే ఆకు దొరక్క సిమెంటు మీద రాలినవి. గోరింకలు దూరంగా కూర్చుని మా వంకే చూస్తున్నాయి.

వద్దనుకుంటూనే వంగి గంపలోకి చూశాను. అలవాటు అది. పచ్చటి గన్నేరు పురుగులు రెండు కనబడ్డాయి. లోపల లెక్క దానంతట అదే మొదలైంది. పదకొండు దాకా పోయి ఆపుకున్నాను.

“పొదలు ముట్టొద్దని మేమంత పోయి అడిగినం,” అంది బాలమణి. చీపురు ఆపలేదు. “ఒక సారు కాగితం దీసి సూపిచ్చిండు. ఈడ పురుగూ పుట్రా ఏం లెవ్వని మీ మేడమే రాసిందన్నడు. నీ సంతకం సూపిచ్చిండు. నాకు సదువు రాదు గని, పేరు సదివిండు.”

నేను ఏదో చెప్పబోయాను. ఆమె గంపను కాలితో నా ముందుకు జరిపింది.

“నువ్వు లెవ్వని రాసినవట గద మేడం. రోజూ గంపెడు ఎత్తిపోస్తున్న.”

అరవలేదు, ఏడవలేదు. అక్కా అనలేదు.  ఆమె మిగతా దారి ఊడ్చుకుంటూ వెళ్లింది. నేను గేటు దాకా నడిచి, బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను.

ఇంటికి వచ్చి మా పాత సంస్థకు ఉత్తరం రాశాను. మాన్యువల్ పద్నాలుగో పేజీలో తప్పు నాదని, ‘వీలైతే’ అన్న మాట తీసేసి ఏడు రాత్రుల నిబంధన పెట్టాలని, కారణం చెప్పే నాలుగు వాక్యాలు కలపాలని. ఆ నాలుగు వాక్యాలూ రాసి పంపాను. వచ్చే ముద్రణలో వీలైతే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే కనుక వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. మళ్లీ రాశాను. నెలకొకటి చొప్పున రాస్తూనే ఉన్నాను.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది తక్కువ. ఒక పని ఫలానా వేళ చేయకపోతే లెక్క తప్పుతుందని మీకు తెలిస్తే, ఆ వేళను నిబంధనగా రాయండి, దాని కింద కారణం రాయండి. తిథులు నేను చూసుకుంటాలే అనుకోకండి, మీరు ఎల్లకాలం ఆ కుర్చీలో ఉండరు. ధ్రువీకరణ పేజీ మీద సంతకం పెట్టే ముందు, ఆ వాక్యం నిజమా కాదా అని మాత్రమే చూసుకుంటే చాలదు. నా సంతకం పైన ఉన్న వాక్యం కూడా నిజమే.